డాలరు కోసం ఆపిన ధాన్యం

మా ఆయన బాబ్జీ డాలరు నోటు కంటితో చూసింది లేదు. అయినా ఈ డిసెంబరంతా ఇంట్లో దాని గొడవే. ఘంటసాల దగ్గర కాంతారావు గారి మూడెకరాలు పదకొండేళ్లుగా మేం కౌలుకు చేస్తున్నాం. ఎకరానికి పాతిక బస్తాల మంచి ధాన్యం ఆయనకు కొలవాలి, మిగిలింది మాది. కొలవలేని ఏడాది పొలం మా చేతిలో ఉండదు.

చేలో పొటాష్ వేసే రోజుల్లో ఎరువుల కొట్టతను బస్తాకు రెండు వందలు ఎక్కువ అడిగాడు. "నన్నేం చెయ్యమంటారండీ, సరుకు పై దేశాల నుంచి రావాలి. రూపాయి పడిపోయింది, డాలరు తొంభైకొచ్చింది," అన్నాడు. అప్పుడు నోరు మూసుకుని కొన్న మనిషికి కోతలయ్యాక బుర్రలో పురుగు దొలిచింది.

గుడివాడ మిల్లు తరఫున దుర్గారావు వచ్చి బస్తా పదిహేను వందలకు అడిగితే ఈయన ఇవ్వనన్నాడు.

"డాలరు పెరిగిందనేగా పొటాష్ పెంచారు. మన బియ్యం ఓడెక్కేదీ డాలర్లకేగా. ధాన్యమూ పెరగాలి. నాలుగు రోజులు చూస్తాను."

"పెరిగితే ఎగుమతి చేసేవాడికి బావా. మనదాకా ఎక్కడొస్తుంది? పచ్చి గింజ, ఆపకు," అన్నాడు దుర్గారావు.

ఈయన వింటేగా. మా మావగారు మాఘమాసం దాకా కుప్ప ఆపి మంచి ధరకు అమ్మేవారట. నిజమే, కానీ ఆయన కొడవళ్లతో కోయించి, పనలు ఎండాక కుప్ప వేసేవారు. మేం మిషన్‌తో కోయించి తడి గింజను తారురోడ్డు మీద పోశాం. ఆ తేడా నాకు తెలుసు. తెలిసీ ఊరుకున్నాను, నాకూ ఆశ పుట్టింది. చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

నాలుగు రోజులు ముసురు. ఐదో రోజు ధాన్యం మీద కప్పిన పట్టా ఎత్తితే వెచ్చటి ఆవిరి మొహానికి కొట్టింది. నారు పోసేముందు నానబెట్టిన విత్తనాల గోనె విప్పితే వచ్చే వాసన అది. ఏటా తొలకరిలో ఆ వాసనకు నాకు ప్రాణం లేచొచ్చేది. ఈసారి గుప్పెడు తీసి చూశాను. గింజ గింజకీ తెల్లటి మొలక. రోడ్డు మీదే కూలబడి ఏడ్చాను.

దుర్గారావు మళ్లీ వచ్చి చూసి, ధర చెప్పకుండానే వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం కాంతారావు గారు వచ్చారు. కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

"నాగాయలంక వాళ్లు పొలం రొయ్యల చెరువుకి అడుగుతున్నారు బాబ్జీ. డాలరు పెరిగింది గదా, రొయ్యకి మంచి ధర. నువ్వు కొలిచుంటే కాదనేవాణ్ణి."

"ఒక్క ఏడాది ఆగండి. వచ్చే సార్వా పంటకి రెండేళ్లదీ కలిపి కొలుస్తాను."

"మాటిచ్చేశానయ్యా. చెరువు గట్టు మీద కాపలాకి మనిషి కావాలంట. నీ పేరు చెప్పాను."

ఈయన తలూపాడు. ఆ తలూపడం చూస్తే నాకు ఒళ్లు మండిపోయింది, కానీ ఎవరిని తిట్టాలో తెలియలేదు.

మర్నాడు రోడ్డు మీదికి వెళ్లేసరికి ఈయన మొలకెత్తిన గింజల్ని దోసిళ్లతో గోనెలోకి ఎత్తుతున్నాడు.

"ఏం చేస్తున్నావయ్యా?"

"మొలక బాగుంది ప్రసన్నా. ఆరిపోకుండా చూసుకుంటే నారు పోసుకోవచ్చు."

"ఎక్కడ పోస్తావు?"

పొలం వైపు చెయ్యెత్తాడు. అక్కడ పొక్లెయిన్ మా నారుమడి గట్టు తవ్వుతోంది. చెయ్యి దించి, మళ్లీ దోసిలి పట్టాడు.