వన్స్ మోర్ అంటే నాకు ఒళ్ళు మంట

నేను ఒక హార్మోనియాన్ని. ఒళ్ళో పెట్టుకునే చేతిపెట్టె రకం కాదు. నాలుగు కాళ్ళ మీద నిలబడి, కింద పెడళ్ళు తొక్కుతుంటే పలికే రకం, నాటకాల వాళ్ళ హార్మోనియం. ప్రస్తుతం నా మకాం తెనాలిలో, నాటకాల సామాన్లు పడేసే ఒక గోడౌన్లో. నా నెత్తిన రెండు అట్ట గదలు, పక్కన బూజు పట్టిన అడవి సీను తెర. కుదురుగా ఉండడం నాకు పుట్టుకతోనే రాలేదు. లోపల కాస్త గాలి మిగిలితే చాలు, ఎవరూ ముట్టుకోకపోయినా ఏదో ఒక మెట్టు కుయ్యిమంటుంది. ఎలకలు దడుచుకుంటాయి. దడుచుకోనీయండి, చెప్పాల్సింది కడుపులో పెట్టుకుని నేను ఊరుకోలేను.

చెప్పాల్సింది ఏమిటంటే, హిట్టయిన నాటకమంటే నాకు ఒళ్ళు మంట. దాని అభిమానులంటే ఇంకా మంట. ఈ మాట మా వైపు ఎవరి దగ్గరైనా పైకంటే నన్ను పొయ్యిలో పెడతారు. టేకు చెక్కని, బాగానే మండుతాను.

పుట్టింది రాజమండ్రిలో. మేకతోలుతో నా తిత్తి కుట్టి, ఇత్తడి రీడ్లు ఒక్కొక్కటే చెవి దగ్గర పెట్టుకుని మీటి చూసి మరీ బిగించాడు మేస్త్రి. అంత శ్రద్ధగా చేసిన నన్ను ఒక ప్లీడరు గారు కొన్నారు. ఎదురింటి ప్లీడరుకి హార్మోనియం ఉందట, అదీ కారణం. ఆ ఇంట్లో నా పని ఆయన ఫొటో మొయ్యడం. తరవాత ఒక భజన సమాజం వాళ్ళు పట్టుకెళ్ళారు. వాళ్ళకి శ్రుతి లేదు, తాళం అంతకన్నా లేదు, కానీ వన్స్ మోర్లు కూడా లేవు. పాడేవారు, శనగలు పంచుకునేవారు, ఇళ్ళకి పోయేవారు. నా బతుకులో సుఖపడ్డ రోజులంటే అవే. ఆ సమాజంలో తగువొచ్చి రెండు ముక్కలయ్యాక ఏకాంబరం చేతికొచ్చాను.

ఏకాంబరం నాటకాలకి హార్మోనిస్టు. బక్కపల్చటి మనిషి, ముక్కుపొడుం అలవాటు, మాట తక్కువ. చెప్పులు విడిచి, ఒట్టి పాదాలతో నా పెడళ్ళు తొక్కేవాడు. ఆ పాదాల బరువు నాకు ఇప్పటికీ గుర్తే. ఆయన వెంట ఊళ్ళు పట్టుకుని తిరుగుతుండగా నా ప్రాణానికి తగులుకుంది ఆ నాటకం, ‘చంద్రసేన మహారాజు’.

కథ రెండు ముక్కల్లో చెబుతాను. చంద్రసేనుడనే రాజు శత్రువుకిచ్చిన మాట కోసం ఒంటరిగా, ఆయుధం లేకుండా వెళ్తాడు. శత్రువు పొడిచేస్తాడు. రాజు కిందపడి, ప్రాణం పోయే ముందు ఒక పద్యం పాడి పోతాడు. ఆ పద్యమే హిట్టు. నాలుగు పాదాల పద్యం, చదివితే ఒక గుక్క. దానికి రాగం తియ్యడం మొదలెడితే, హాల్లోంచి లేచి బయటికెళ్ళి, టీ తాగి, తమలపాకు వేసుకుని వచ్చినా ఇంకా మూడో పాదం దగ్గరే ఉంటుంది. గుండెల్లో కత్తి దిగిన మనిషికి అంత ఊపిరి ఎక్కడిదని ఒక్కరూ అడగరు. పైగా వన్స్ మోర్! అది వినబడగానే చచ్చిన రాజు లేస్తాడు, ధోవతి దులుపుకుని దణ్ణం పెడతాడు, మళ్ళీ పాడి మళ్ళీ చస్తాడు. మళ్ళీ వన్స్ మోర్. ఏం చావండీ అది? పిల్లలు దాగుడుమూతలాడినా ఒకసారి దొరికినవాడు దొరికినట్టే కదా.

చంద్రసేనుడి వేషం వేసేది గోవర్ధనం గారు. ఒకప్పుడు ఆయన గొంతు ఆరు శ్రుతిలో పలికేది. నాటకాల్లో శ్రుతి ఎంత పైనుంటే అంత మొనగాడు. ఆయన పాడుతుంటే నా రీడ్లు వణికేవి, అబద్ధం ఎందుకు చెప్పాలి. కానీ ఇన్ని చావులు చచ్చాక ఏ గొంతు నిలుస్తుంది? ఆరు అయిదైంది, అయిదు నాలుగున్నరైంది. ఏకాంబరం ఎవరికీ చెప్పకుండా తన వేళ్ళు కిందికి జరుపుకుంటూ వచ్చాడు. ఆ సంగతి మా ముగ్గురికే తెలుసు. అభిమానులు మాత్రం టీకొట్టు దగ్గర ఒట్లు పెట్టుకునేవారు, “ఇప్పటికీ ఆరే, ఇసుమంత తగ్గలేదు” అని. ఇంతా చేసి వీళ్ళు వినేది గొంతునా, జ్ఞాపకాన్నా?

అభిమానుల్లో పెద్ద తలకాయ బసవపున్నయ్య గారు. పొన్నూరులో మిరపకాయల వ్యాపారం. నాటకం ఎక్కడుంటే అక్కడ ముందు వరసలో, నాకు జానెడు దూరంలో కూర్చునేవాడు. తొలి వన్స్ మోర్ ఆయనదే. ఆ గొంతుకి పక్కూళ్ళో కుక్కలు కూడా మొరిగేవి. ఆయన అరిస్తే హాలంతా అరిచేది, ఆయన లేస్తే హాలంతా లేచేది. నాటకం ఆడించే మా కాంట్రాక్టరు పానకాలు గారికి వ్యాపారం మొత్తం ఆయన మొహంలోనే కనబడేది.

ఇక ఎవరూ చూడని మనిషి సంగతి చెబుతాను. రాణి వేషం రంగమణిది. నాటకమంతా హారతి పళ్ళెం పట్టుకుని నిలబడ్డం, కళ్ళొత్తుకోవడం. రాజు పోయాక చిట్టచివర ఆవిడకి నాలుగు మాటలున్నాయి. పద్యం కాదు, రాగం లేదు, నా అవసరం అసలే లేదు. రాజు తల పక్కన కూర్చుని ఇలా అనాలి: “లోకానికిచ్చిన మాట నిలబెట్టుకున్నారు ప్రభూ. వెళ్తూ వెళ్తూ నాకూ ఒక మాటిచ్చారు, భోజనానికి వచ్చేస్తానని. విస్తరి వేసుకుని కూర్చున్నాను.” అంతే. తెర పడుతుంది.

నన్నడిగితే నాటకమంటే ఆ మాటలే. ఆ పద్యం, ఆ రాగం, ఆ కత్తి, నేను, అందరం ఆ విస్తరి ముందు దిగదుడుపే. ఎవరు విన్నారు గనక! పద్యం అయ్యీ అవకముందే జనం లేచి గోవర్ధనం గారికి దండలెయ్యడానికి స్టేజి మీదికి ఎగబడేవారు. రంగమణి మాటలు కుర్చీల చప్పుడులో కలిసిపోయేవి. అయినా ఆవిడ ఏ రోజూ గబగబా అనేసి ఊరుకోలేదు. ప్రతిసారీ వినేవాళ్ళున్నట్టే చెప్పేది. ఆ పక్కనే ఉన్న నాకు గాలి ఆడేది కాదు.

అలా ఉండగా పానకాలు గారికి ఒక ఆలోచన పుట్టింది. రాణి మాటలు తీసేస్తే ఆ జాగాలో ఇంకో వన్స్ మోర్ పడుతుందని. రంగమణి బతిమాలింది. అది తీసేస్తే తను నాటకంలో ఉన్నట్టా లేనట్టా అంది. పానకాలు గారు చెడ్డవాడేం కాదు, వ్యాపారస్తుడు. పొన్నూరు ఆటలో చూద్దామన్నాడు. ఆవిడ మాటలయ్యి తెర పడేదాకా బసవపున్నయ్య కూర్చుంటే సీను ఉంటుంది, లేస్తే తరవాతి ఆట నుంచి కోత. ఒప్పుకోక ఆవిడ చేసేదేముంది?

పొన్నూరులో సాయంత్రం హాలు పెళ్ళివాళ్ళకి ఇచ్చేశారని మా నాటకం ఆదివారం పొద్దుటి పూట పెట్టారు. నాకు ఆ రోజు ఒకటే కంగారు. తిత్తి నిండా గాలి నింపుకుని, ఎప్పుడెప్పుడు ఆ ఘట్టం వస్తుందా అని. వచ్చింది. రాజు పడ్డాడు, పాడాడు, పోయాడు. వన్స్ మోర్ అన్నారు, లేచాడు. మళ్ళీ అన్నారు, మళ్ళీ లేచాడు. మూడోసారి గోవర్ధనం గారి గొంతు పైషడ్జం దగ్గర జారింది, ఏకాంబరం నా చేత గట్టిగా కేక పెట్టించి కప్పేశాడు. సిగ్గేసింది నాకు. ఇంకా ఆయన ఊపిరి పీల్చుకోనేలేదు, వెనక వరసల్లో మళ్ళీ మొదలెట్టారు.

ఆయన మోచేతి మీద లేవబోయాడు. రంగమణి వచ్చి పక్కన కూర్చుని ఆయన గుండె మీద అరచెయ్యి పెట్టింది. పెట్టి, జనం వైపు చూసి, “ఇంక లేవరు. ఆయన పోయారు” అంది.

నాటకంలో లేని మాట అది. గోవర్ధనం గారు కోప్పడతాడనుకున్నాను. ఆయన తల వాల్చేసి కళ్ళు మూసుకున్నాడు. ఎంత హాయిగా పడుకున్నాడో! అప్పుడు రంగమణి తన నాలుగు మాటలూ చెప్పింది. హాలు గప్‌చుప్‌గా వింది. “విస్తరి వేసుకుని కూర్చున్నాను” అనేసరికి నా లోపల గాలి ఎక్కడిదక్కడ ఆగిపోయింది. సంతోషంతో పిచ్చెక్కిపోయాను.

అప్పుడు లేచాడు బసవపున్నయ్య. కండువా భుజాన వేసుకుని, ఎవరి వంకా చూడకుండా, చరచరా నడిచి బయటికి వెళ్ళిపోయాడు. ఇంకా తెర కూడా పడలేదు. ఆయన వెళ్ళడం చూసి వరసలకి వరసలు లేచాయి. పక్క తెర చాటున పానకాలు గారు తల అడ్డంగా ఊపడం నాకు కనబడింది.

నా కోపం ఏమని చెప్పను! చెయ్యుంటే ఆ కండువా పట్టుకుని లాగేదాన్ని. లోపల రంగమణి రంగు తుడుచుకుంటూ ఏకాంబరాన్ని అడిగింది, తను సరిగ్గా చెప్పలేదా అని. ఆయన నా మెట్లు తుడిచిందే తుడుస్తూ కూర్చున్నాడు. ఆవిడే అంది, “ఇంక రాణెందుకు బాబాయ్, దండెం మీద జరీచీర ఆరేసినా సరిపోద్ది.” నవ్వుతూనే అంది. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

తరవాతి ఆదివారం బాపట్లలో ఆట. రాణి మాటలు తీసేశారు. రాజు చావగానే రంగమణి పళ్ళెం పట్టుకుని పక్కకి వెళ్ళిపోవాలి, అంతే. బసవపున్నయ్య ముందు వరసలోనే ఉన్నాడు. చూడగానే నాకు ఒళ్ళు మండింది. పక్కన ఎప్పుడూ రాని ఒక పెద్దావిడ కూర్చుని ఉంది, ఒళ్ళో సంచీ పెట్టుకుని, గుళ్ళో కూర్చున్నట్టు. ఆయన భార్య సామ్రాజ్యమ్మ అని ఎవరో అనుకుంటుంటే విన్నాను. విచిత్రమేమిటంటే, పద్యమయ్యాక ఆయన వన్స్ మోర్ అనలేదు. రాజు పోయాకా అనలేదు. మిగతావాళ్ళు అరిచి అలిసిపోయారు. ఆయన మాత్రం మెడ చాచి స్టేజి ఆ చివర నుంచి ఈ చివరకి వెతుకుతున్నాడు. ఈయనకి కూడా మొహం మొత్తిందా, ఇక మా గతేమిటి అని పానకాలు గారు గోళ్ళు కొరుక్కోవడం మొదలెట్టాడు. తెర పడింది. ఏకాంబరం నా మీద మంగళం ఎత్తుకున్నాడు.

“వన్స్ మోర్!”

బసవపున్నయ్యే. నిలబడి, మూసిన తెర వంక చూస్తూ అరుస్తున్నాడు. పానకాలు గారి ప్రాణం లేచొచ్చింది. తెర ఎత్తించాడు. గోవర్ధనం గారు నిట్టూర్చి, మళ్ళీ వచ్చి చచ్చే చోట పడుకున్నాడు. ఏకాంబరం మంగళం ఆపి, నాలుగున్నర శ్రుతి పట్టుకున్నాడు. బసవపున్నయ్య చెయ్యి అడ్డంగా ఊపాడు.

“ఆయన కాదయ్యా. ఆ అమ్మ. ఆ అన్నం మాట ఏదీ?”

ఎవరికీ అర్థం కాలేదు. అప్పుడాయన, మిరపకాయల బేరం తప్ప నలుగురిలో ఏదీ మాట్లాడి ఎరగని మనిషి, కండువా చేత్తో నలుపుతూ చెప్పాడు. పోయిన ఆదివారం ఆ మాట విన్నాక కూర్చోలేకపోయాడట. పొద్దున ఇంట్లో చెప్పే వచ్చాడట, భోజనానికి వచ్చేస్తానని. నాటకానికి బయల్దేరిన ప్రతిసారీ ఆ మాట చెప్పే వస్తాడట, ఒక్కసారీ వెళ్ళింది లేదు. ఆ రోజు పరుగున వెళ్తే ఆవిడ నిజంగానే విస్తరి వేసుకుని కూర్చుని ఉందట. “అందుకని ఈవిణ్ణి తీసుకొచ్చాను. ఆ మాట ఇంకోసారి అనమ్మా. ఈవిడ వింటుంది.”

నేను బతికినంతకాలం తిట్టుకున్న వన్స్ మోర్ అది! లేచిపోతే పొగరనుకున్నాను, పానకాలు గారూ అలాగే అనుకున్నాడు. నిజంగా విన్నవాడు ఆయనొక్కడే అయ్యాడు చూడండి. ఏకాంబరం నా మెట్ల మీంచి చేతులూ, పెడళ్ళ మీంచి పాదాలూ తీసేశాడు.

రంగమణి వచ్చింది. సగం రంగు అప్పటికే తుడిచేసుకుంది, ఒక చెంప రాణిది, ఒక చెంప తనది. గోవర్ధనం గారి తల పక్కన కూర్చుంది. పోయిన వారం కంటే తక్కువ గొంతుతో చెప్పింది. లోకానికిచ్చిన మాట, తనకిచ్చిన మాట, భోజనానికి వస్తానన్న మాట. విస్తరి దాకా వచ్చి ఆగింది. చప్పట్లు లేవు. వెనక ఎవరో దగ్గబోయి మానుకున్నారు.

సామ్రాజ్యమ్మ సంచీ పక్కన పెట్టి లేచి నిలబడింది. నాటకంలో మాట్లాడకూడదని ఆవిడకి ఎవరూ చెప్పలేదు కాబోలు.

“మరి నువ్వు తిన్నావా తల్లీ?” అంది.

ఒకరిద్దరు నవ్వబోయారు. ఎవరూ కలవలేదు, వాళ్ళూ ఆపేశారు. రంగమణి ఏకాంబరం వంక చూసింది. ఆయన దగ్గర మాత్రం ఏముంది, ఆ ప్రశ్నకి నాటకంలో జవాబు రాసిలేదు. ఇన్నేళ్ళ నుంచీ రాజు ఎలా చచ్చాడో ఊరూరా చెప్పుకున్నవాళ్ళలో ఒక్కడు కూడా రాణిని ఆ మాట అడగలేదు.

“లేదమ్మా,” అంది రంగమణి తన మామూలు గొంతుతో. “ఆయన వస్తే తిందామని.”

సామ్రాజ్యమ్మ తలూపింది. రాణి వంక చూడడం మానేసి, నెమ్మదిగా మొగుడి వైపు తిరిగింది. బసవపున్నయ్య కండువాతో మొహం కప్పుకున్నాడు.