గంట ఆగిన చోట

కౌజుపిట్టలు ఎలా నిద్రపోతాయో మా నాన్న నా నాలుగో ఏటో ఐదో ఏటో చెప్పాడు. అన్నీ గుండ్రంగా కూర్చుంటాయిట. తోకలు లోపలికి, ముక్కులు బయటికి, ఒకదాని ఒంటికి ఒకటి ఆనుకుని. ఏ దిక్కు నుంచి నక్క వచ్చినా ఏదో ఒక పిట్ట కంట పడుతుంది. ఆ రోజు నుంచి నేను పడుకునేముందు మా తమ్ముడు కార్లిస్ వీపుకి నా వీపు ఆనించి, "నువ్వు కిటికీ వైపు చూడు, నేను తలుపు వైపు చూస్తా" అనేదాన్ని. వాడు రెండు నిమిషాల్లో గుర్రు పెట్టేవాడు. వాడి కాపలా అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే.

మాది అమెరికాలో దక్షిణ జార్జియా. పైన్ చెట్లు, వాటి కింద నడుము లోతు చీపురుగడ్డి, ఫిబ్రవరి వస్తే ఆ గడ్డికి పెట్టే నిప్పు. ఇప్పటికీ ఎక్కడైనా ఆ పొగ వాసన తగిలితే నాకు వయసు గుర్తుండదు. గౌను గుప్పిట్లో ఎత్తి పట్టుకుని నాన్న వెనకాల పరిగెడుతున్నట్టే ఉంటుంది. ముందు కుక్క, దాని వెనక మా తాత, తాత వెనక నాన్న. తాత నేను పుట్టకముందే పోయాడు. అయినా నాకు కనిపించే వరసలో ఆయన ఎప్పుడూ ఉంటాడు. ఎలా వచ్చాడని నన్నడక్కండి.

తాతా నాన్నా ఇద్దరూ వేటకుక్కల మనుషులు. చలికాలం ఉత్తరాది దొరలు రైలు దిగి వస్తే, వాళ్ళ కుక్కల్ని అడవిలో నడిపింది మా వాళ్ళే. తుపాకీ దొరది, పిట్ట దొరది, ఫొటో దొరది. కుక్క మనసులో ఏముందో తెలిసింది మాత్రం మా వాళ్ళకి. కుక్క వాసన పట్టి, ఒక కాలు మడిచి, తోక నిలబెట్టి, కొయ్యలా బిగుసుకుపోయిందనుకోండి. ముందు చూసిన మనిషి టోపీ తీసి చెయ్యి చాచి పైకెత్తాలి. అక్కడ పిట్టలున్నాయని దొరకి అదే సైగ. నోరు మెదపకూడదు. పిట్టలు లేచేదాకా చెయ్యి దించకూడదు. "పిట్టల్ని చూసి ఎవడైనా ఎత్తుతాడురా. కుక్కని చూసి ఎత్తాలి" అనేవాడట తాత.

ఒకసారి తాత టోపీ ఎత్తితే దొర నమ్మలేదట. "నీ కుక్క అబద్ధాలకోరు" అని చుట్ట వెలిగించుకుని బండి వైపు నడిచాడట. తాత దించలేదు. చెయ్యి వణుకుతున్నా దించలేదు. దొర బండి మెట్టు మీద కాలు పెట్టాడో లేదో, ఇరవై పిట్టలు బుర్రుమని లేచాయట. ఈ కథ మా ఇంట్లో అన్నం దగ్గర ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. మొదట్లో తాత పావుగంట నిలబడ్డాడు. నా పెళ్ళినాటికి అది గంటన్నర అయింది. అమ్మ పిట్టల్ని పిండి అద్ది వేయించి, గ్రేవీలో మగ్గబెట్టి తెచ్చి, "తినండి ముందు, లేకపోతే మీ నాన్న రేపటిదాకా తాత చెయ్యి దించనివ్వడు" అనేది.

అమ్మ పోయింది. పిట్టలూ పోయాయి. అడవి నరికి వేరుశనగ వేశారు. ఎర్ర చీమలు అన్నారు, మందులు అన్నారు, తలో కారణం చెప్పారు. తొమ్మిదేళ్ళుగా మా చుట్టుపక్కల కౌజు కూత విన్నవాడు లేడు. నాన్నకి ఎనభై మూడొచ్చాయి. నీటికాసులతో రెండు కళ్ళూ పోయి ఆరేళ్ళయింది. మిగిలింది మేబెల్ ఒక్కతే. తెలుపు మీద కాఫీరంగు మచ్చల కుక్క, పదకొండేళ్ళది, దానికీ కీళ్ళు పట్టేశాయి. అది ఎక్కడుందో నాన్నకి తెలియాలని మెడలో చిన్న గంట కట్టాను. గంట మోగుతోందంటే వెతుకుతోంది. ఆగిందంటే దొరికిందన్నమాట. కానీ దొరకడానికి ఏముంది కనక? ఆ గంట రోజూ మోగుతూనే ఉండేది.

ఆ చలికాలం ఒక పొద్దున నాన్న వరండాలో కూర్చుని, "ఇనెజ్, విన్నావా? పాత కలప కోతమిల్లు వెనకాల. కొయ్-లీ, కొయ్-లీ అంటున్నాయి" అన్నాడు.

నాకేం వినిపించలేదు. మర్నాడూ అదే మాట, ఆ తరవాతా అదే మాట. ఒకరోజు తెల్లారుతూనే కర్ర పట్టుకుని ఒక్కడే ఆ కూత వైపు బయల్దేరాడు. కాలవలో పడ్డాడు. మేబెల్ గంట విని నేను పరిగెత్తకపోతే ఏమయ్యేదో!

కార్లిస్ పట్నం నుంచి ఊడిపడ్డాడు. "అది మాకింగ్‌బర్డ్ నాన్నా! ఏ పిట్ట గొంతైనా దించేస్తుంది. మొన్న మా వీధిలో అంబులెన్స్ కూత కూసింది."

"అరవై ఏళ్ళు విన్నానురా కౌజు కూత. నాకు తేడా తెలీదా?"

"తెలిసేది. ఇప్పుడు తెలీదు."

నాన్న చేతికర్ర గోడకి ఆనించాడు. తరవాత మెల్లగా, "కళ్ళు పోయాయి, సరే. చెవులు కూడా అబద్ధమాడుతున్నాయంటే ఇంక నా దగ్గర ఏముందిరా?" అన్నాడు.

ఆ మాటకి కూడా కార్లిస్ కరగలేదు. వేట కాలం ముగిసే శనివారం తనూ మాతో మిల్లు వైపు వస్తానన్నాడు. ఒక్క పిట్ట లేచినా ఇంక నోరెత్తనని పందెం వేశాడు. లేవకపోతే మాత్రం మేబెల్‌ని తన ఇంటికి తీసుకుపోతాడు. కుక్క లేకపోతే నాన్న గడప దాటడు కదా, అదీ వాడి లెక్క. వాడు చెడ్డవాడు కాడు. భయపడ్డాడు, అంతే. నాన్న "సరే" అన్నాడు. అంత సులువుగా ఒప్పుకున్నాడంటే, పిట్టలున్నాయని ఆయనకి అంత నమ్మకం.

నాకు లేదు. అదే నా పాపం.

శుక్రవారం కౌజుల ఫారానికి వెళ్ళి ఆరు పిట్టలు తెచ్చాను. బోనులో పుట్టి, బోనులో దాణా తిని బలిసిన పిట్టలు. శనివారం నాన్న లేవకముందే సంచీ పట్టుకుని వెళ్ళాను. అంతటా తెల్లటి పొగమంచు. పైన్ చెట్లకి కింద కాళ్ళు లేవు, తలలు మాత్రం పైన తేలుతున్నాయి. దారి ఎక్కడుందో, నేనెక్కడున్నానో తెలియడం లేదు. ఒక్కో పిట్ట తలని దాని రెక్క కింద దూర్చి, చేతుల్లో గుండ్రంగా పదిసార్లు తిప్పితే మత్తుగా పడుకుంటుంది. ఈ కిటుకు నాకు నేర్పింది నాన్నే, కుక్కపిల్లలకి తర్ఫీదు ఇవ్వడానికి. నిద్రపోయే పిల్లల్ని పక్క మీద వేసినట్టు ఆరింటినీ గడ్డిలో ఒక్కోటీ ఒక్కో చోట పడుకోబెట్టాను. మిల్లు దాకా పోదామనుకున్నాను గానీ మంచులో ధైర్యం చాలలేదు. గుడ్డివాడికి ఏ గడ్డయితేనేం అనుకున్నాను. ఛీ, ఎలా అనుకున్నానో!

మొక్కజొన్న నూక జావ తాగి బయల్దేరాం. తుపాకీ నా భుజాన, తాత టోపీ నా నెత్తిన, నాన్న చెయ్యి నా భుజం మీద. వెనకాల కార్లిస్, వాడి పట్నం బూట్లు.

"అక్కా, పాములుంటాయా?"

"ఉంటే నిన్ను చూసి భయపడతాయిలే, నడువు."

గంట మంచులో ఎక్కడో మోగుతోంది. ఒకసారి ఎడమ పక్క, ఒకసారి ముందు, ఒకసారి ఎక్కడినుంచో కూడా తెలియదు. నాన్న దాన్ని వింటూ నడుస్తున్నాడు. ఆయన మొహంలో ముప్ఫై ఏళ్ళు తగ్గాయి. గంట ఆగింది.

నాన్న వేళ్ళు నా భుజంలో దిగాయి. మేబెల్ నిలబడి ఉంది, నేను ఒక పిట్టని పడుకోబెట్టిన చోటే. నేను తాత టోపీ తీసి పైకెత్తాను. చెయ్యి బరువుగా అనిపించింది. గడ్డిని కాలితో కదిపాను. పిట్ట లేచింది, అదీ లేవడమా? పటపటా కొట్టుకుని, కాళ్ళు వేలాడేసుకుని, పది అడుగుల అవతల కూలబడింది.

"లేచింది నాన్నా!" అని అరిచాడు కార్లిస్. పందెం ఓడిపోయినా వాడి గొంతులో సంతోషమే ఉంది, పిచ్చివాడు.

నాన్న తల కాస్త వంచి విన్నాడు. గాలి పీల్చాడు. "దాణా కంపు" అన్నాడు. "ఎక్కడ కొన్నావమ్మా?"

నేను టోపీ దించాను.

"మీ తాత టోపీ ఎత్తావా దీనికి?"

"నాన్నా, నువ్వు సంతోషపడతావని…"

"నువ్వూ నమ్మలేదన్నమాట." అరవలేదు, తిట్టలేదు. తిట్టినా బాగుండేది. నా భుజం మీంచి చెయ్యి తీసేశాడు. "పందెం వాడిదే. మేబెల్‌ని పిలవండి, ఇంటికి పోదాం."

ఆయన చెవిలో పువ్వు పెట్టబోయాను. మా ఇంట్లో మూడు తరాలుగా ఎవరూ దొంగ టోపీ ఎత్తలేదు. నేను ఎత్తాను. తలెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

కార్లిస్ ఈల వేశాడు. మేబెల్ రాలేదు. మళ్ళీ వేశాడు. పిలిస్తే రాకపోవడం పదకొండేళ్ళలో ఎరగం. మేం మాటల్లో ఉండగా అది ఎప్పుడు ముందుకెళ్ళిపోయిందో చూడలేదు. గంట చప్పుడు ఎక్కడా లేదు.

"గంట ఆగింది" అన్నాడు నాన్న. "మిల్లు దగ్గర."

"ముసలిది, ఎక్కడో కూలబడి ఉంటుంది" అన్నాడు కార్లిస్. నేను నాన్న చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుని తమ్ముడి చెయ్యి పట్టుకున్నాడు. దానికి నేను అర్హురాలినే, ఏమనగలను?

మిల్లు కూలిపోయి ఏళ్ళయింది. రంపపుపొట్టు కుప్ప ఒక్కటి మిగిలింది, దాని చుట్టూ బ్లాక్‌బెర్రీ ముళ్ళు. ఆ ముళ్ళ ముందు మేబెల్ నిలబడి ఉంది. కీళ్ళ నొప్పుల మేబెల్! కాలు మడిచి, తోక నిటారుగా ఎత్తి, మెడలో గంట కూడా కదలనంత బిగుసుకుని. మంచు పలచబడి దాని మీద ఎండ పడింది. నాకు ఒక్క క్షణం అది మేబెల్ కాదనిపించింది. మా ఇంట్లో పుట్టిన కుక్కలన్నీ ఒకదాని వెనక ఒకటి అక్కడ నిలబడ్డట్టుంది.

కార్లిస్ వెళ్ళి పొదని బూటుతో తన్నాడు. ఏమీ లేవలేదు. ఇంకోసారి తన్నాడు. ఏమీ లేదు.

"పోనీలే పాపం, దీనికీ మతి పోయింది" అని నవ్వుతూ నాన్న దగ్గరికి వెనక్కి వచ్చాడు.

నాన్న నిలబడే ఉన్నాడు, పెదాలు బిగించి. నేను మేబెల్ కళ్ళలోకి చూశాను. అది నా వైపు చూడలేదు. ముళ్ళలోకే చూస్తోంది. దానికి పందెం తెలియదు, పోటీ తెలియదు. దాని ఒళ్ళంతా ఒకటే మాట చెబుతోంది. నేను టోపీ తీశాను. ఎత్తాను. నాన్నకి కనబడదని తెలుసు. చెప్పడానికి నోరు తెరవకూడదనీ తెలుసు. అలాగే నిలబడ్డాను. కార్లిస్ నన్ను చూసి, చేత్తో నోరు మూసుకుని మరీ నవ్వాడు. నవ్వుకో నాయనా అనుకున్నాను. ఎంతసేపో తెలియదు. చెయ్యి తిమ్మిరెక్కింది, వణికింది. దించలేదు.

అప్పుడు లేచాయి. అడవే లేచినట్టు, ఒక్క ఉరుము ఉరిమినట్టు లేచాయి. గోధుమరంగు మెరుపు, ఆకులు, దుమ్ము, నా మొహానికి రెక్కల గాలి, ఆ వెంటనే అంతటా నిశ్శబ్దం. తుపాకీ భుజాన ఉందన్న సంగతే మర్చిపోయాను.

"ఎన్ని?" అన్నాడు కార్లిస్.

"పదిహేను" అన్నాడు నాన్న. "పద్నాలుగు కలిసి లేచాయి. ఒకటి ఆలస్యంగా, ఎడమ పక్క."

మా ఇద్దరికీ కళ్ళున్నాయి, లెక్కపెట్టింది మాత్రం ఆయన. గెలిచానని గంతులేస్తాడనుకున్నాను. వెయ్యలేదు. తల ఇటు తిప్పి, "ఎవరైనా టోపీ ఎత్తారా?" అని అడిగాడు.

"నేను ఎత్తాను నాన్నా."

"లేచాకా, లేవకముందా?"

"ముందే."

ఆయన నా మాట తీసుకోలేదు. "కార్లిస్, నువ్వు చెప్పరా. ఇది పొద్దున్న ఒకసారి అబద్ధమాడింది."

"ముందే నాన్నా. చాలా ముందు. నేను అక్కని చూసి నవ్వాను కూడా."

నాన్న చెయ్యి చాచి నా భుజం తడిమాడు. అక్కణ్ణుంచి పైకి, మోచెయ్యి, మణికట్టు, టోపీ అంచు. నేను దించడం మర్చిపోయాను. ఆయన వేళ్ళు ఆ అంచు పట్టుకుని అక్కడే ఉండిపోయాయి. చూపులేని కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. దూరంగా చెల్లాచెదురైన పిట్టలు ఒకదాన్నొకటి పిలుచుకోవడం మొదలెట్టాయి. కొయ్-లీ. ఈసారి నాకూ వినిపించింది.

"దించవే పిచ్చిదానా, పిట్టలు లేచిపోయాయి కదా. చెయ్యి లాగేస్తుంది."

"లాగనీ నాన్నా" అన్నాను.