తెల్ల డ్రమ్ము నీళ్ళు

నాకు అక్షరాలు యాభై దాటాక వచ్చాయి. ఒత్తులు ఎక్కడెక్కడో పడతాయి, దీర్ఘాలు మరిచిపోతాను, ఒక్క పేజీకి రెండు రోజులు పడుతుంది. చదివేవాళ్ళు కాస్త ఓపిక పట్టాలి. మా ప్లాంటులోని ల్యాబు అమ్మాయి దిద్దిపెడతానంది. అక్షరాలు దిద్దమ్మా, మాటలు మాత్రం మార్చకు అన్నాను.

తెల్లారకముందే అద్దాలు తుడవాలి. ఎండ తగిలాక తుడిస్తే నీళ్ళు ఆరిపోయి చారలు కడతాయి. చార కట్టిన అద్దం కరెంటు తక్కువిస్తుంది. ఊరి చివర గుట్ట మీద మా ప్లాంటులో అలాంటి అద్దాలు మూడువందల ఇరవై ఉన్నాయి. ఎండను అవి కరెంటు చేస్తాయి. ఆ కరెంటు షెడ్డులోని యంత్రంలోకి వెళ్ళి నీళ్ళను రెండుగా చీలుస్తుంది. ఒక పక్క మనం పీల్చే గాలి వస్తుంది, రెండో పక్క హైడ్రోజన్ వస్తుంది. ఆ హైడ్రోజన్‌ను సిలిండర్లకు పట్టి బస్సులు నడపడానికి పంపుతారు. "నీళ్ళలో నిప్పుందే. చెప్పినా నీకు అర్థం కాదులే," అనేవాడు మా ఆయన. ఆయన అక్కడ ఆపరేటరు. నాకు అర్థం కాదని ఎంత నమ్మకంగా చెప్పేవాడంటే, కొన్నాళ్ళకు నేను అర్థం చేసుకునే ప్రయత్నమే మానేశాను.

అద్దాలు తుడిచే పని కూడా ఆయన మీదే పెట్టారు. ఆయన నా మీద పెట్టాడు. "ఇంట్లో ఊరికే ఉండేదానివేగా. రెండు చేతులు వేస్తే అరిగిపోతావా?" అన్నాడు. చీకటుండగానే వెనక గేటు నుంచి నన్ను లోపలికి తీసుకెళ్ళేవాడు. పై అధికారులు వచ్చేలోపు మళ్ళీ అదే గేటు నుంచి బయటకి పంపేవాడు. ఇంటికొచ్చి నీళ్ళు కాచి, వంట చేసి, ఆయనకు క్యారేజీ కట్టి, అత్తగారి మోకాళ్ళకు నూనె రాసేదాన్ని. పదకొండేళ్ళు అలా చేశాను. ఏ రిజిస్టర్లోనూ నేను లేను. ఒక ఏడాది, అద్దాలు బాగా ఉంచినందుకు ఆయనకు ప్రశంసాపత్రం ఇచ్చారు. దాన్ని పటం కట్టించి ముందు గదిలో పెట్టారు. "మా వాడు తుడిస్తే మొహం చూసుకోవచ్చు," అని అత్తగారు వచ్చినవాళ్ళందరికీ చూపించేది. ఆ పటం మీద దుమ్ము తుడిచేదీ నేనే.

యంత్రం పక్కన రెండు డ్రమ్ములుండేవి. నీలం డ్రమ్ములో మామూలు నీళ్ళు, అద్దాలకి. తెల్ల డ్రమ్ములో ఫిల్టరులోంచి దిగిన శుద్ధమైన నీళ్ళు, యంత్రానికి. యంత్రం లోపల పలకలు పేర్చినట్టుండే భాగాన్ని అక్కడ అందరూ గుండె అంటారు. దానికి ఉప్పు పడదు. చిటికెడు ఉప్పున్నా చాలు, కొన్నాళ్ళకి పాడైపోతుంది. "ఈ యంత్రం పెద్దింటి అల్లుడు లాంటిది. ఏది పడితే అది పెడితే అలుగుతుంది," అని ఆయనే నాకు నవ్వుతూ చెప్పాడు. ఆయన నాతో నవ్వుతూ చెప్పిన మాటలు తక్కువ కాబట్టి అది గుర్తుండిపోయింది.

ఒకరోజు పొద్దున్నే ఎవరో పెద్దవాళ్ళు ప్లాంటు చూడడానికి వస్తున్నారని ఆయన హడావుడిలో ఉన్నాడు. "తెల్ల డ్రమ్ములోంచి రెండు బిందెలు యంత్రం తొట్టిలో పోసి వెళ్ళు," అన్నాడు. పోశాను. వారం తిరక్కముందే గుండె ఆగిపోయింది. విప్పి చూస్తే పలకల మీద ఉప్పు పేరుకుని ఉందట. ఆ సాయంత్రం ఆయన ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా అడిగాడు.

"ఆ రోజు ఏ డ్రమ్ములోవి పోశావు?"

"తెల్లదాన్లోవే."

"సరిగ్గా చూశావా?"

"చూశాను."

"చీకట్లో ఏం చూశావు? చదువు లేదు, సంధ్య లేదు. నీకు తెలుపేదో నీలమేదో ఏం తెలుస్తుంది?"

రంగు తెలియడానికి చదువెందుకని నాకు అప్పుడు తోచలేదు. అన్నం దగ్గర అడిగాడు. చేతులు కడుక్కుంటూ అడిగాడు. మర్నాడు, ఆ మర్నాడు అడిగాడు. ఆయన ఆగితే అత్తగారు అందుకునేది. "నిజం చెప్పవే, చెబితే నీ నోటి ముత్యాలు రాలతాయా?" అనేది. ఒకే మాటను ఇరవైసార్లు అడిగితే, ఇరవై ఒకటోసారికి మన కళ్ళు చూసింది మనకే పలచబడిపోతుంది. డ్రమ్ము తలుచుకుంటే తెల్లగా కనిపించేది, ఇంకాస్త తలుచుకుంటే అంచుల్లో నీలం పాకేది. ఐదో రోజో ఆరో రోజో, అలసిపోయి, "ఏమో," అన్నాను. అంతే. ఆ రెండక్షరాలే నా ఒప్పుకోలు అయ్యాయి. ఆడపడుచుకి కబురు వెళ్ళింది, చుట్టాలకి వెళ్ళింది, వీధికి వెళ్ళింది.

ఆయన్ని పనిలోంచి తీసేశారు. నన్ను లోపలికి తీసుకెళ్ళడమే తప్పు కాబట్టి ఆఫీసులో నా ఊసు ఎత్తలేదు. పెళ్ళాం కోసం నింద తన మీద వేసుకున్న మహానుభావుడని మా వాళ్ళందరూ ఆయన్ని మెచ్చుకున్నారు. రెండేళ్ళు ఇంట్లో మంచం మీద కూర్చుని, గోడ వైపు చూసి, తాగి, లివరు పాడై పోయాడు. "రెండు బిందెల నీళ్ళతో మా తమ్ముణ్ణి ముంచేసింది," అని ఆడపడుచు శవం దగ్గరే అంది. నేను కాదనలేదు. ముంచాననే అనుకున్నాను.

ఆ తర్వాత నేను బతికిన తీరు ఎవరికీ చెప్పలేదు. తలుపు గొళ్ళెం పెట్టి మూడుసార్లు లాగి చూసేదాన్ని. కూరలో ఉప్పు వేశానో లేదో తెలియక రుచి చూసి, రుచి చూసిన నాలుక మీద కూడా నమ్మకం లేక అత్తగారిని అడిగేదాన్ని. ఆమెకు మాత్ర ఇచ్చి, ఖాళీ రేకు చేతిలో పట్టుకుని, ఇచ్చింది నేనేనా అని నిలబడిపోయేదాన్ని. గ్లాసుతో మంచినీళ్ళు ఇచ్చేముందు కూడా వాసన చూసేదాన్ని. ఆమె మంచం దిగలేని మనిషైంది. ఒళ్ళు తుడవడం, బట్టలు మార్చడం, దొడ్డికి కూర్చోబెట్టడం, అన్నీ నావే. పుండు మీద కారం చల్లినట్టు ఆమె ఎన్ని మాటలన్నా, కొడుకుని పోగొట్టుకున్న తల్లి, పోగొట్టింది నేను, అనుకుని ఇంకాస్త మెత్తగా తుడిచేదాన్ని. రెండుసార్లు ప్లాంటు వెనక బావి దాకా వెళ్ళాను. అత్తగారికి మధ్యాహ్నం అన్నం ఎవరు పెడతారని వెనక్కి వచ్చాను. చావడానికి కూడా తీరిక దొరకలేదు.

నాలుగేళ్ళ కింద ప్లాంటు చేతులు మారింది. అద్దాలు తుడిచేవాళ్ళు కావాలన్నారు. ఈసారి ముందు గేటు నుంచి వెళ్ళాను. వేలిముద్ర వేయబోతే ల్యాబు అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. "అద్దాలమ్మా, ఆ వేలికి ఇంక సిరా పూయను. సంతకం నేర్పుతాను," అంది. అందరికీ పేరు పెట్టడం ఆ పిల్లకి సరదా. మధ్యాహ్నాలు షెడ్డు అరుగు మీద కూర్చోబెట్టి, యంత్రం మీద రాసి ఉన్నవాటితోనే అక్షరాలు నేర్పింది. నేను మొదట చదివిన మాట 'నీరు'. రెండోది 'ప్రమాదం'.

మొన్న ఫిల్టరు మార్చే రోజు వచ్చింది. ల్యాబు అమ్మాయి మొదటిసారి నన్ను సాయానికి పిలిచింది. ఫిల్టరు గొట్టం నిండా ఆవగింజలంత పూసలుంటాయి. నీళ్ళలోని ఉప్పును అవే పట్టుకుంటాయి.

"ఇవి కొన్నాళ్ళకి చచ్చిపోతాయి అద్దాలమ్మా. అప్పుడు ఉప్పు నేరుగా తెల్ల డ్రమ్ములోకి దిగిపోతుంది. చూడ్డానికి నీళ్ళు మాత్రం అలాగే తేటగా ఉంటాయి."

నా చేతిలో బకెట్టు ఉంది. కింద పెట్టాను.

"మరి నీలం డ్రమ్ము నీళ్ళు రెండు బిందెలు పొరపాటున పోస్తే? ఒక్కసారి. గుండె ఆగుతుందా?"

"మొరాయిస్తుంది. కడిగితే బాగైపోతుంది. పలకల మీద ఉప్పు పేరుకోవాలంటే నెలల తరబడి పడాలి." నా ముఖం చూసి, "ఏం?" అంది.

అడుగుతూనే కొత్త పూసల సంచి విప్పుతోంది. ఆకుపచ్చ సంచి. మధ్యలో ఎర్రటి గుండ్రటి ముద్ర. తొమ్మిదేళ్ళుగా రోజూ చూస్తున్న సంచి. మా అత్తగారి వాచిన కాలి కింద ఎత్తు కోసం పెట్టేది అదే. యంత్రం గుండె ఆగడానికి ఆర్నెల్ల ముందు ఆయన భుజాన వేసుకొచ్చి, "సన్న ఇసుక. అమ్మ కాలి కింద పెట్టు, మెత్తగా ఉంటుంది," అన్నాడు.

ఫిల్టరు మార్చినవాళ్ళు అట్ట మీద తేదీ వేసి సంతకం చెయ్యాలి. పాత అట్టలు బీరువాలో ఉన్నాయి. ఆ ఏడాది అట్ట తీసి, వేలు పెట్టి, కూడబలుక్కుని చదివాను. 'పూసలు మార్చాను.' కింద ఆయన సంతకం. మార్చానని రాసిన తర్వాత కొత్త సంచి స్టోరులో కనిపించకూడదు. అందుకే ఇల్లు చేరింది. పూసలు మార్చాలంటే ఒక పూట పడుతుంది, చేతులు పాడవుతాయి. అది నాకు అప్పగించే పని కాదు, కాబట్టి ఎవరూ చెయ్యలేదు. అంతే జరిగింది.

ఇంటికొచ్చేసరికి అత్తగారు కాలు సంచి మీద పెట్టుకుని పడుకుని ఉంది.

"కాలు తియ్యండి అత్తయ్యా."

"ఏం, నా కాలు కూడా బరువైందా నీకు?"

కాలు నేనే ఎత్తి దిండు మీద పెట్టాను. సంచి లాగి కత్తిపీటతో మూతి కోశాను. తేనెరంగు పూసలు గది నిండా దొర్లాయి, మంచం కిందకి, గడప దాకా. ఆమె వాటి వైపు చూసింది. ఇదేమిటని అడగలేదు. అడగకపోవడం చూసి నేనే అడిగాను.

"మీకు తెలుసా?"

"వాడు పోయేముందు చెప్పాడు. పసిపిల్లాడిలా ఏడ్చాడు."

"ఏడేళ్ళు. నాకు ఒక్క మాట చెప్పలేదేం?"

"చెబితే నువ్వుంటావా?" అంది. కోపం లేదు, సిగ్గు లేదు. కూర బాగుందన్నట్టు చెప్పింది. "మా అమ్మాయి చేస్తుందా ఇవన్నీ? తప్పు చేశాననుకున్నావు కాబట్టే నన్ను ఇంత బాగా చూశావు. నిజం ఆలోచించు, ఏ కోడలైనా ఇలా చేస్తుందా?"

అత్త కొట్టింది అడుగోటి కుండ, కోడలు కొట్టింది కొత్త కుండ అంటారు. నేను కుండే కొట్టలేదు. నాకు ఏడుపు రాలేదు. అరుపు వస్తుందేమోనని చూశాను, అదీ రాలేదు. నేను ప్రేమ అనుకున్నది కాదు, ధర్మం అనుకున్నది కాదు, ఇన్నేళ్ళూ నా చేతుల్ని నడిపింది చేయని తప్పు. నా మెత్తదనం కూడా నాది కాదేమో. అలవాటుగా చీపురు అందుకున్నాను. రెండు పూసలు ఊడ్చి ఆగిపోయి, చీపురు గోడకి ఆనించి, ఆడపడుచుకి ఫోన్ చేశాను.

"వదినా, రేపట్నుంచి అత్తయ్యని మీరు తీసుకెళ్ళండి."

"ఏమొచ్చింది నీకు? మా తమ్ముణ్ణి మింగింది చాల్లేదా?"

"చాల్లేదు వదినా. అత్తయ్య ఇంకా మిగిలారు కదా. అందుకే ముందుగా చెబుతున్నాను."

ఫోన్ పెట్టేశాను. మంచం మీద నుంచి, "అన్యాయం చేస్తున్నావే," అని మాత్రం వినిపించింది. మర్నాడు ఆడపడుచు వచ్చేదాకా ఉన్నాను. ఒళ్ళు తుడిచాను, మాత్ర ఇచ్చాను. మాత్ర ఇచ్చింది నేనేనని ఈసారి నాకు అనుమానం రాలేదు.

గెలిచినట్టు రాయమని ల్యాబు అమ్మాయి అంది. నాకలా లేదు. ఆ ఇల్లు వదిలి వచ్చిన ఈ కొత్త గదిలో మూడు వారాలుగా చీకటితోనే మెలకువ వస్తోంది. నా కోసం ఎవరూ మూలగడం లేదు, తిట్టడం లేదు. అద్దాలు తుడిచాక ఇంకా రోజంతా మిగిలిపోతోంది. భయమేస్తోంది. ఏ తప్పూ చేయని ఆడది పొద్దున్నే లేచి తన కోసం ఏం చేసుకుంటుందో నాకు ఎవరూ నేర్పలేదు.

— అద్దాలమ్మ, యాభై ఎనిమిదేళ్ళు,
ప్లాంటు ముందు గేటు పక్కన ఒంటి గది.