వాగు అవతలి తోట

క్వాబెనా నిమోకి మతి తప్పుతోందని డొమియాబ్రా ఊళ్ళో అందరికంటే ముందు తెలిసింది అతని భార్య యా డుఫీకే. అందరికంటే ఆలస్యంగా ఒప్పుకున్నదీ ఆమే. కోకో కాయలు కోసే కత్తిని కోళ్ళగూట్లో దాచి ఇల్లంతా వెతికినప్పుడు వయసులే అనుకుంది. ఫూఫూ ముద్ద తిని చెయ్యి కడుక్కున్న మనిషి, ఆ చెయ్యి ఆరకముందే "ఇవాళ వంట లేదా?" అని అడిగితే నవ్వేసింది. కానీ ఒక రోజు వాగు అవతలి తోటలో, తను నాటిన చెట్ల మధ్యే దారి తప్పి, ఒక చెట్టు మొదట్లో కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడుస్తూ కనిపించేసరికి ఆమెకి భయం పట్టుకుంది.

ఆ భయం అతని కోసమే కాదు, తోట కోసం కూడా. అలా అనిపించినందుకు తన మీద తనకే రోత పుట్టింది. అయినా అనుకోకుండా ఉండలేకపోయింది.

ఆ తోట ఇద్దరి రెక్కల కష్టం. ఆమె కాపురానికి వచ్చేసరికి అక్కడ అడవి. అతను చెట్లు కొట్టాడు, ఆమె పొదలు తగలబెట్టింది. లేత కోకో మొక్కలకి నీడ కావాలని అరటి పిలకలు నెత్తిన మోసుకొచ్చి నాటింది. కూతురు అజొవా కడుపులో ఉన్నప్పుడు కూడా మోసింది. కానీ వాళ్ళ తెగ ఆచారంలో భార్యాపిల్లలు భార్య తల్లి వైపు వంశం వాళ్ళు. మగవాడు పోతే అతనిది అతని అక్కచెల్లెళ్ళ కొడుకులకి పోతుంది. భార్యాపిల్లలకీ వాటా ఉందని ప్రభుత్వం చట్టం తెచ్చింది గానీ, వంశానిదన్న భూమి జోలికి ఆ చట్టం రాదు. నిమో మేనల్లుడు అదొమాకో కుమాసీలో సిమెంటు కొట్టు నడుపుతాడు. "ఆ అడవి మా అమ్మమ్మది, మామ ఊరికే సాగు చేశాడు" అని అతను అప్పుడే చెప్పుకు తిరుగుతున్నాడు.

దీనికి ఒక్కటే దారి. మగవాడు బతికుండగా తన వంశం పెద్దల ముందు నోటితో "ఇది నా భార్యకి ఇస్తున్నాను" అనాలి. భార్య కృతజ్ఞత చెప్పి జిన్ను సారా సీసా ఇవ్వాలి. పెద్దలు దాన్ని తాగాలి. తాగారంటే ఇంక ఆ ఆస్తిని ఎవడూ ముట్టుకోలేడు.

నిమో ఆ పని ఏటికేడు వాయిదా వేశాడు. "ఈ పంట ఇంటికి రానీ" అనేవాడు. ఆమె గట్టిగా అడిగితే, "నన్నప్పుడే పాతిపెట్టాలనుందా నీకు?" అని నవ్వేవాడు. ఆమె కూడా నవ్వేది. ఇప్పుడా నవ్వులు తల్చుకుని తనని తనే తిట్టుకుంటుంది.

తెపా పట్నంలో కుట్టుమిషన్ పెట్టుకుని బతుకుతున్న అజొవా, తల్లిని ఒక లాయరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఆ లాయరమ్మ చిన్నపిల్ల. డుఫీ చెప్పిందంతా మధ్యలో ఆపకుండా వింది.

"వీలునామా రాయచ్చు అమ్మమ్మా. కానీ తన ఆస్తేమిటో, తనవాళ్ళెవరో, తను రాయిస్తున్నదేమిటో ఆయనకి తెలిసుండాలి. రాసే రోజున డాక్టరు చూసి చెప్పాలి."

"కొన్ని పొద్దులు బాగానే ఉంటాడు తల్లీ."

"బాగున్న పొద్దున్నే తీసుకురండి."

తీసుకెళ్ళారు. ఇంటి దగ్గర బాగానే బయలుదేరిన మనిషి, బస్సులో దుమ్మూ గోలా తగిలేసరికి బెదిరిపోయాడు. లాయరు గదిలో అడుగుపెట్టి అది ఆసుపత్రనుకుని, బల్లని కావలించుకుని వదల్లేదు. లాయరమ్మ కలం మూసేసింది.

"ఇవాళ రాస్తే ఆయన మేనల్లుడు ఒక్క ప్రశ్నతో చింపేస్తాడమ్మమ్మా. అంతకంటే ముందు నా మనసు ఒప్పుకోదు. రెండేళ్ళ కింద రావాల్సింది మీరు."

"ఆ ముక్క నాకు తెలీదా!" అని డుఫీ అరిచింది. అరిచాక సిగ్గుపడి ఆ పిల్ల చేతులు పట్టుకుంది.

బయట చెట్టు కింద అర్జీలు రాసే మనిషొకడు అంతా చూశాడు. డుఫీని పక్కకి పిలిచి, "ఇంత ఏడుపెందుకు పెద్దమ్మా? కాగితం నేను రాస్తా. ఆయన నిద్రపోయినప్పుడు బొటనవేలు ఒత్తుకో. వేలికి మతుంటుందా, తప్పుతుందా?" అన్నాడు. డుఫీ ఆ కాగితాన్ని రవికెలో దాచుకుని ఇంటికి తెచ్చింది. కూతురికి చెప్పలేదు.

మర్నాడు మధ్యాహ్నం నిమో వాకిట్లో వాలుకుర్చీలో నిద్రపోయాడు. ఆమె పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. అతని బొటనవేలికి సిరా రాసింది. వేలిని కాగితం మీదకి తెచ్చేసరికి అతను కళ్ళు తెరిచాడు. చాలా రోజుల తర్వాత ఆ కళ్ళలో పాత నిమో ఉన్నాడు.

వేలు చూసుకున్నాడు. ఆమెని చూశాడు.

"నేను చచ్చిపోయానా డుఫీ?"

ఆమె గబుక్కున వేలు వదిలేసింది.

"శవం వేలు కదే ఇలా పట్టుకునేది."

ఆమె కాగితాన్ని నలిపి అతని ఒళ్ళో తల పెట్టి ఏడ్చేసింది. ఏమవుతుందోనన్న భయం, అదొమాకో మాటలు, బస్సు, లాయరు బల్ల, అన్నీ చెప్పింది. అతను విన్నాడు. సిరా అంటిన చేత్తోనే ఆమె తల నిమిరాడు.

"నాకు మబ్బు కమ్ముతోంది కదూ? నాకు తెలుస్తూనే ఉంది. నీకు చెప్పడానికి భయమేసింది. అజపాంగ్‌ని పిలిపించు. నోటితో చెప్తాను. త్వరగా పిలు."

అందరూ గౌరవంగా "నానా" అని పిలిచే అజపాంగ్ నిమో వంశానికి పెద్ద. పక్కూళ్ళో ఉంటాడు. డుఫీ అప్పటికప్పుడే వెళ్ళి ఆయన కాళ్ళ మీద పడింది. ఆయన గడ్డం నిమురుకుని, "శనివారం వస్తాను. కానీ అదొమాకో కూడా ఉండాలమ్మా. వాడు లేకుండా చేస్తే రేపు వాడే చెల్లదంటాడు" అన్నాడు.

శనివారం దాకా డుఫీ భర్తని కళ్ళలో వత్తులు వేసుకుని కాపలా కాసింది. అతనికి ఇష్టమైన తాటిపండు పులుసు కాచింది. ఎవర్నీ గట్టిగా మాట్లాడనివ్వలేదు. లేవగానే "నేనెవర్ని?" అని అడిగేది.

"పొద్దున్నే ఈ పరీక్షలేమిటే? నా నెత్తిన కూర్చున్నదానివి" అనేవాడు. ఆ తిట్టుకి ఆమె ప్రాణం లేచొచ్చేది.

శనివారం పొద్దున నిమో తనే స్నానం చేసి, మంచి వస్త్రం భుజం మీదుగా కప్పుకుని కూర్చున్నాడు. అజపాంగ్ వచ్చాడు, ఇంకొందరు పెద్దలొచ్చారు. అదొమాకో రాలేదు. కారు టైరు పోయిందని కబురు పంపాడు. "మొదలుపెట్టండి నానా, దేవుడి మీద ఆన, మొదలుపెట్టండి" అని డుఫీ బతిమాలింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఎండ నడినెత్తికి వచ్చింది. నిమో వేళ్ళు వస్త్రం అంచుని పీకడం మొదలుపెట్టాయి. మబ్బు కమ్మే ముందు అతనలాగే చేస్తాడు. అది ఆమె ఒక్కతికే తెలుసు. ఎవరికీ చెప్పలేక చూస్తూ కూర్చుంది.

అప్పుడు దిగాడు అదొమాకో. తొందరేమీ లేదు. అందరితో చేతులు కలిపాడు, మంచినీళ్ళు తాగాడు, దారిలో గుంతల గురించి చెప్పాడు. చివరికి అజపాంగ్ గొంతు సవరించుకున్నాడు.

"నిమో, పిలిచావు, వచ్చాం. చెప్పు."

వస్త్రం అంచుని పీకుతున్న వేళ్ళు ఆగాయి. తర్వాత నిమో స్పష్టంగా అన్నాడు: "వాగు అవతలి తోట డుఫీది. నేనిస్తున్నాను. నేనొక చెట్టు నాటితే అది రెండు నాటింది."

డుఫీ ఊపిరి పీల్చుకుంది. అదొమాకో ముందుకి వంగాడు.

"డుఫీ ఎవరు మామా?"

"నా పెళ్ళాం. నీ ముక్కు తుడిచి పెంచింది, మర్చిపోయావా వెధవా?"

పెద్దలు నవ్వారు. అదొమాకో నవ్వలేదు. "ఏదీ, చూపించు మరి."

నిమో చూపు వాకిలంతా తిరిగింది. ఎదురుగా కూర్చున్న భార్య మీద ఆగింది, ఆగి దాటిపోయింది.

"పుల్లలకి వెళ్ళింది. వచ్చేస్తుంది."

"మరి ఈవిడ?"

"ఎవరో చుట్టాలావిడ. పాపం ఏడుస్తోంది, నీళ్ళివ్వండి."

అదొమాకో చేతులు చాచాడు. "చూశారుగా నానా. ఎదురుగా ఉన్న మనిషిని ఎరగనివాడు ఎవరికేమిస్తాడు? లేచి వెళ్దాం, భోజనాల వేళయింది."

అజపాంగ్ తల వంచుకున్నాడు. "అమ్మా డుఫీ, అతని మాట నేను విన్నాను. కానీ ఇచ్చినవాడు పుచ్చుకునేదాన్ని గుర్తుపట్టాలి. నీ కృతజ్ఞత అతనికి చేరకపోతే నేనేం చెయ్యను?"

డుఫీ లేచి ఇంటి వెనక్కి వెళ్ళిపోయింది. ఏడవడానికి వెళ్ళిందనుకున్నారు. ఆ రోజుకని తెపా నుంచి వచ్చిన అజొవా వెనకాలే పరిగెత్తి చూస్తే, తల్లి పండగ వస్త్రం విప్పేసి తోటకి కట్టే పాత గుడ్డ కట్టుకుంటోంది. వంటసాలలో పొయ్యి బూడిద నుదుటికి అంటినా తుడుచుకోకుండా అక్కడి పుల్లల మోపు నెత్తికెత్తుకుంది. దొడ్డిదారిన బయటికి పోయి, చుట్టూ తిరిగి, వీధి వైపు నుంచి వాకిట్లోకి నడిచొచ్చింది.

నిమో మొహం వెలిగింది.

"ఇంత ఎండెక్కేదాకా ఎక్కడ చచ్చావే? పెద్దలొచ్చి కూర్చున్నారు! తోట నీకిచ్చాను. ఊరికే నిలబడ్డావేం, నోరు తెరిచి ఒక మాట అను."

మోపు కింద పడింది. ఆమె అతని ముందు మోకరిల్లి, "పుచ్చుకున్నాను నిమో. నీ చెయ్యి చల్లగుండాలి" అంది. జిన్ను సీసా తీసి అజపాంగ్ చేతుల్లో పెట్టింది.

"నాటకం!" అని అదొమాకో లేచాడు. "ఇది పచ్చి నాటకం నానా!"

"నాటకమైతే వేషం ఎవరిదిరా?" అన్నాడు అజపాంగ్. "ఆవిడ ఆవిడలాగే వచ్చింది." నేలమీద కొంచెం పోసి పూర్వీకులని పిలిచి, మిగిలింది గొంతులో పోసుకున్నాడు. సీసా పెద్దల చేతులు మారింది. అదొమాకో తన ముందున్న గ్లాసు బోర్లించాడు.

"సరే. తోట నీది కదా, మనిషీ నీవాడే అత్తా. మందుకనీ మాకుకనీ మా వంశం గడప తొక్కకు. ప్రాణం పోయాక కబురు పెట్టు, పాతిపెట్టడానికి వస్తాం" అని కారెక్కాడు. అన్నంత పనీ చేశాడు. పైగా మామ ఇచ్చింది చెల్లదని, ఆ ప్రాంతపు తగవులు తీర్చే రాజుగారి సభలో ఫిర్యాదు కూడా పెట్టాడు.

ఆ తర్వాతి నెలలు డుఫీ ఎలా గడిపిందో ఆమెకే తెలియదు. నిమో తలుపు తీసుకుని పారిపోయేవాడు. ఇంట్లో దొంగ దూరిందని ఒకసారి ఆమెని కర్రతో కొట్టాడు. వాచిన మోచేత్తోనే అతనికి స్నానం చేయించింది. పాత మోపు మళ్ళీ ఎత్తుకుని చూసింది గానీ ఈసారి అతను గుర్తుపట్టలేదు. అతన్ని వెతుక్కుంటూ తిరిగి దారిలో కూలబడి, తోటేమైపోతే ఏమిటని ఎన్నిసార్లో అనుకుంది.

సభ రోజున అదొమాకో తన లాయరుతో వచ్చాడు. మామకి మతి లేదని సాక్షులని తెచ్చాడు. అజపాంగ్ కర్ర ఊతగా లేచి, "అతనికి మతి తప్పిన మాట నిజం. తోట ఎవరికివ్వాలో మాత్రం తప్పలేదు. అడిగితే పేరు చెప్పాడు, కారణం చెప్పాడు. నేను తాగాను. గొంతు దిగిన దాన్ని కక్కమంటే కక్కలేను" అన్నాడు. తోట యా డుఫీదేనని సభ తీర్పు చెప్పింది.

బయటికొచ్చాక అజొవా తల్లిని పట్టుకుని ఏడ్చింది. డుఫీకి ఏడుపు రాలేదు.

"పద, లాయరమ్మ దగ్గరికి. నా తర్వాత తోట నీకని రాయించాలి."

"ఇవాళేనా అమ్మా? అలిసిపోయావు."

"ఇవాళే. నేనెవరో నాకు తెలుస్తుండగానే."

ఆ కాగితం రాయించి ఇల్లు చేరేసరికి నిమో వాకిట్లోనే ఉన్నాడు. చూసుకోమని చెప్పిన పక్కింటావిడ వెళ్ళిపోయింది. అతను మర్యాదగా లేచి, తన కుర్చీ ఆమె వైపు జరిపి, లోపలి నుంచి గిన్నెలో నీళ్ళు తొణుకుతూ తెచ్చి ఇచ్చాడు. గడపలో అడుగుపెట్టిన అతిథికి ఎవరైనా చేసేది అదే. ఆమె తాగేదాకా ఆగి, అతిథిని అడగాల్సిన మాట అడిగాడు.

"ఇక్కడ అంతా క్షేమం. నువ్వేం పని మీద వచ్చావమ్మా?"

డుఫీ గిన్నె కింద పెట్టింది. ఒక పరాయి మనిషికి చెప్పినట్టు, సభలో జరిగిందంతా మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది. అతను భుజం మీద వస్త్రం సర్దుకుని శ్రద్ధగా వింటూ కూర్చున్నాడు.