మూడో బల్ల ఈగలు

గరిట ఆపకుండా తిప్పుతూనే ఉన్నాడు ముసలాయన. మొక్కజొన్న పిండి, చక్కెర, ఈస్టు. ఒక్క నిమిషం చెయ్యి ఆగితే ఉండలు కడుతుంది. ఇరవై ఆరేళ్ళుగా ఇదే వంట. ఉడుకుతుంటే పులిసిన వాసన ముఖాన కొట్టాలి. ఈవేళ తగల్లేదు. గిన్నె మీదికి వంగి గట్టిగా పీల్చి చూశాడు. ఏమీ లేదు. ఈస్టు పాతదయిందేమో అనుకున్నాడు. నడుమూ మోకాళ్ళూ విరగ్గొట్టినట్టున్నాయి. యాభై తొమ్మిదేళ్ళ ఒళ్ళు, అలాగే ఉంటుంది అనుకున్నాడు.

"ఇంట్లో పొయ్యి ఎటు తిరిగుందో తెలీదు గానీ, ఈగలకి మాత్రం వేళకి వండి పెడతాడు మహానుభావుడు," అంది పొద్దున గుమ్మం దాటుతుంటే భార్య. ఆయన చెప్పులేసుకున్నాడు. ముప్పై ఏళ్ళుగా వింటున్న మాటే.

యూనివర్సిటీలో పండ్ల మీద వాలే చిట్టి ఈగల మీద పరిశోధన చేసే పిల్లలు ఆయన్ని ఈగల మామగారంటారు. అల్లుళ్ళకి పెట్టినట్టు పెడతాడని. ఆ పిల్లలిప్పుడు లేరు. జబ్బు ఊరంతా పాకింది. హాస్టలు మూసేసి ఎవరిళ్ళకి వాళ్ళని పంపి ఏడు వారాలైంది. ల్యాబులోకి ఒక్కడినే రానిస్తున్నారు. సీసాలు కడిగి, తిండి వండే ఈయన్ని. దాంతో అంతకుముందు ముట్టుకోనివ్వని పని కూడా ఈయన మీదే పడింది. పదిహేను రోజులకోసారి పాత సీసాలో ఈగల్ని కొత్త సీసాలోకి దులపాలి. ఒక్కొక్కరికి ఒక బల్ల, మొత్తం ఆరు బల్లల సీసాలు.

మిగతా బల్లల ఈగలు వేరే ఊళ్ళలోనూ ఉన్నాయి. చచ్చిపోతే తెప్పించుకుంటారు. మూడో బల్ల అమ్మాయివి అలా కాదు. రెక్కలు పైకి వంకర తిరిగిన ఈగలు. మూడేళ్ళు కూర్చుని తీసిన వంశం. ఇంకెక్కడా లేదు. రెండు సీసాల్లో ఒకటి బూజు పట్టి పోయింది. మిగిలింది ఒకటే. డిసెంబరుకి అమ్మాయి గడువు అయిపోతుంది. "జబ్బు అందరికీ వచ్చింది. నీ ఒక్కదానికి గడువు పెంచమంటే ఎలా?" అన్నాడట పెద్ద ప్రొఫెసరు. ఈగలుంటే చదువు ఉంటుంది. లేకపోతే మూడేళ్ళూ బూడిదలో పోసిన పన్నీరు.

తిండి దించి, ఆ సీసాని వెలుతురులోకి ఎత్తి చూశాడు. మళ్ళీ కంటికి దగ్గరగా పెట్టుకున్నాడు. వంకర రెక్కల మధ్య తిన్నని రెక్కలు. నాలుగు. ఆరు. తొమ్మిది.

ఎలా వచ్చాయో ఆయనకి తెలుసు. కిందటిసారి దులిపినప్పుడు ఒక ఈగ సీసా మూతి మీద కూర్చుని ఉంది. బయటపడ్డ ఈగ ఎవరిదైనా సరే చంపెయ్యాలి, ఏ సీసాలోనూ వెయ్యకూడదు. ఆ గదిలో మొదటి నియమం అదే. కానీ సీసాలో అప్పుడు ఉన్నవి పదకొండే. పాపం, తప్పిపోయింది, ఇంకొకటుంటే మంచిదే కదా అని రెక్కలు చూడకుండానే వేలితో లోపలికి తట్టాడు. అది పక్క బల్లది. మగది. దాని పిల్లలే ఇవి.

ఈయనది బొత్తాల ఫోను. వీడియోలో చూపించమని అమ్మాయి అడగడానికి లేదు. చెప్పకపోతే ఎవరికీ తెలీదు. ఫోను జేబులోంచి తీశాడు. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ తీశాడు.

"అమ్మాయ్, తప్పు చేశాను."

"చచ్చిపోయాయా మామగారూ?"

"లేదు. వేరేది కలిసింది." మూతి మీది ఈగ సంగతి చెప్పాడు.

అవతల ఎవరో చంటిబిడ్డని జోకొడుతున్న చప్పుడు. అక్క ఇంట్లో వంటగది మూల కూర్చుని రాసుకుంటోందని ఒకసారి చెప్పింది.

"చెప్పారు, అదే నయం," అంది చివరికి. ముక్కు ఎగబీల్చింది. "టైమెంత?"

"తొమ్మిది."

"అయితే వినండి. ఇప్పుడు ఎగిరేవన్నీ దులిపి చంపెయ్యండి. ఒక్కటి మిగలకూడదు."

"వంకరవి కూడానా?"

"అవి దేంతో కలిశాయో మనకేం తెలుసు? గాజుకి అంటుకున్న గూళ్ళలోంచి ఇవాళ కొత్తవి పుడతాయి. పుట్టాక ఏడెనిమిది గంటలు జత కట్టవు. సాయంత్రం నాలుగుకల్లా వాటిలో వంకరవి ఏరి కొత్త సీసాలో వెయ్యండి. వేరేదానికి పుట్టినవన్నీ తిన్నగానే ఉంటాయి, కాబట్టి వంకరవి అసలువి. ఆడా మగా రెండూ ఉండాలి. పొట్ట చివర నల్లగా ఉంటే మగ."

"నయం. జాతకాలు కూడా చూడమన్లేదు."

ఏడుపులోనే నవ్వింది ఆ పిల్ల.

సబ్బునీళ్ళలోకి దులిపాడు. వంకరవీ తిన్ననివీ కలిసి తేలాయి. ఏడు వారాలు తిండి పెట్టిన చెయ్యి అదే.

స్టూలు లాక్కుని కూర్చున్నాడు. పదకొండు దాకా ఏదీ పుట్టలేదు. తర్వాత ఒకటి తల బయట పెట్టింది. తెల్లగా, తడిగా, రెక్కలు మడత పెట్టిన కాగితంలా ఉన్నాయి. అవి విచ్చుకునేదాకా ఏదో తెలీదు. గంట పట్టింది. తిన్నన. రెండోది తిన్నన. మూడోదీ తిన్ననే. అన్నం డబ్బా తెరిచి రెండు ముద్దలు నోట పెట్టుకున్నాడు. రుచి తెలీలేదు. మూసేశాడు. మధ్యాహ్నం దగ్గు వచ్చింది, చలి వచ్చింది. స్టూలు ఎండలోకి జరుపుకున్నాడు. సీసా మీంచి కన్ను మాత్రం తియ్యలేదు.

నాలుగు కొట్టే ముందు సీసాని ఐసులో పెట్టి ఈగల్ని నిద్రపుచ్చాడు. తెల్ల కాగితం మీద పోశాడు. భూతద్దం పట్టుకుని మోచెయ్యి బల్లకి ఆనించాడు. మొత్తం పధ్నాలుగు. వంకరవి ఐదు.

"నాలుగాడ, ఒక మగ," అన్నాడు ఫోనులో.

"ఒక్కటేనా మగది?"

"చాలదా?"

"చాలు మామగారూ. చాలు. చల్ల బీరువాలో పెట్టెయ్యండి. అందులో నిదానంగా పెరుగుతాయి. నేను నెల దాకా రాకపోయినా ఆగుతాయి. మీరిక ఇంటికెళ్ళి పడుకోండి, గొంతు అదోలా ఉంది."

"ఏం లేదు. పొద్దుట్నించీ కూర్చోడమేగా."

బీరువా నడిమి అరలో సీసా పెట్టి తలుపు వేశాడు. గేటు దగ్గర కాపలాదారు, "ఏంటి మామగారూ, అల్లుళ్ళు వదల్లేదా ఇవాళ?" అంటే చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు.

మర్నాడు రాలేదు.

ఇరవై ఏడో రోజున అమ్మాయికి అనుమతి దొరికింది. గేటు దగ్గర సంతకం పెడుతూ, "మామగారు లోపలున్నారా? ఎన్నిసార్లు చేసినా ఫోనెత్తట్లేదు," అంది.

కాపలాదారు పెన్ను తీసుకుని నెమ్మదిగా మూత పెట్టాడు. "పోయి పద్దెనిమిది రోజులైందమ్మా. ఆస్పత్రికి తీసుకెళ్ళారు, మళ్ళీ ఇంటికి తేలేదు. వాళ్ళావిణ్ణి కూడా చూడనివ్వలేదు."

అమ్మాయి మెట్లెక్కింది. బీరువా తెరిచి సీసా తీసి, కిటికీ దగ్గరికి పట్టుకుపోయి, వెలుతురులో తిప్పి తిప్పి చూసింది. అరవై దాకా ఉన్నాయి. అన్నీ వంకరవే. మొదటినించి మళ్ళీ చూసింది. అన్నీ వంకరవే.

వాటిని వెంటనే కొత్త సీసాలోకి మార్చాలి. మార్చింది. మూతికి బిరడా కోసం వెతికితే, స్టూలు పక్కన నేల మీద రేకు డబ్బా కనిపించింది. నిండా దూది బిరడాలు. ఆ రోజు ఎదురుచూస్తూ ఊరికే కూర్చోలేక చుట్టినవి. అన్నీ ఒకే లావు, ఒకే బిగువు. ఒకటి తీసి బిగించింది. డబ్బాలో పైన ఉన్నది సగమే చుట్టి ఉంది. దారం కట్టలేదు. దూది మీద మూడు వేళ్ళు నొక్కిన గుంటలు ఇంకా అలాగే ఉన్నాయి.