పలక మీద ఇసుక

కొండల్ రావు ఈతకొలనులోకి దూకే బోర్డును కుడిచేత్తో తాకి కళ్ళకద్దుకున్నాడు. బూట్లు విప్పి పక్కన పెట్టి, మేజోళ్ళతోనే దానిమీదికెక్కి, కొసదాకా నడిచి, అక్కడ గట్టిగా ఎగిరాడు. కింద నీళ్ళు లేవు. షెడ్డు సిమెంటు గచ్చు మీద పాత పరుపులు పరిచి ఉన్నాయి. బోర్డు వంగింది, లేచింది, ఆయన్ని పైకి విసిరింది. ఎక్కడైనా పిసరంత కిర్రుమంటుందేమోనని చెవి ఒగ్గి విన్నాడు. ఏమీ లేదు.

"మంచిగుంది" అని బోర్డుకే చెప్పి దిగాడు. దిగాక గోడకు చెయ్యి ఆన్చి కాసేపు నిలబడ్డాడు. ఎడమ భుజం లాగుతోంది. నిన్నటి పప్పుచారు తాలూకు గ్యాసే అయ్యుంటుందని సరిపెట్టుకున్నాడు.

ఇంతకీ ఆయనకు ఈత రాదు. సెలవులకొచ్చిన జనం టెక్సాస్ మొటేళ్ళలో ఆయన చేసిన బోర్డుల మీంచి కేరింతలు కొడుతూ దూకుతుంటారు. ఆయన మాత్రం మోకాలి లోతు నీళ్ళు చూస్తేనే రెండడుగులు వెనక్కి వేస్తాడు. యజమాని హెరాల్డ్‌కు ఇది ఎప్పటికీ పాతబడని జోకు. వచ్చిన ప్రతివాడికీ చెప్పి పొట్ట పట్టుకుని నవ్వేవాడు. ఈమధ్య చెప్పడం మానేశాడు.

ప్లేనో ఊరవతల, పత్తిచేల పక్కన రేకుల షెడ్డు అది. వరంగల్ మిల్లులో ఫిట్టరుగా పనిచేసిన మనిషి, బావమరిది పిలిస్తే ఈ దేశం వచ్చి, మళ్ళీ పత్తిచేల పక్కకే చేరాడు. పొట్టి మనిషి, బట్టతల. ముంజేతుల నిండా, బోర్డులకు చుట్టే గాజు నార గుచ్చుకుని ఎర్రగా దద్దుర్లు. ఆయన బట్టలను మీనాక్షి వేరే బకెట్లో నానబెట్టి చేత్తో ఉతుకుతుంది. మిషన్‌లో వేస్తే ఆ నార తన చీరలకూ పట్టుకుంటుందని భయం.

ఆయన పనిలో అసలు పని ఇసుక చల్లడం. బోర్డు మీద రెసిన్ జిగురు పూసి, అది ఆరకముందే సన్నటి తెల్ల ఇసుక చల్లాలి. ఆ గరుకు లేకపోతే తడికాళ్ళు జారతాయి. దానికి హెరాల్డ్ ఒక జల్లెడ కొనిచ్చాడు. కొండల్ రావు దాన్ని ముట్టుకోలేదు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఇసుకను జారవిడుస్తూ, నడుం వంచి, వెనక్కి వెనక్కి నడుస్తూ చల్లుతాడు. మీనాక్షి ఒకసారి చూసి పైటచెంగు నోటికడ్డం పెట్టుకుంది.

"అయ్యో రామ! ఆడోళ్ళం బతుకంత ముగ్గులేసినా పైస రాలే. మీరేమో ముగ్గేసి జీతం తెస్తున్రు!"

ఆ రోజు ఆయన ఎంత నవ్వాడో! అప్పుడు షెడ్డులో తొమ్మిదిమంది పనిచేసేవాళ్ళు. ఇప్పుడు ఆయనొక్కడే.

మూడేళ్ళ కింద హైవే పక్క మొటేల్లో ఒక ప్రమాదం జరిగింది. సెలవులకొచ్చిన సేల్స్‌మన్ ఒకడు, మందు మీదున్నాడు, బోర్డు మీంచి పక్కవాటుగా నీళ్ళు తక్కువున్న వైపు దూకాడు. మెడ విరిగి, ఒళ్ళు చచ్చుబడిపోయింది. బోర్డు విరగలేదు, జారలేదు. అయినా కొండల్ రావుకు ఆ రాత్రి ముద్ద దిగలేదు.

"పోయి చూసొద్దాం" అంది మీనాక్షి. "ఉత్త చేతులతో ఎట్ల పోతం? పండ్లు కొనండి."

ఆపిల్ పళ్ళు, ద్రాక్షపళ్ళు కాగితపు సంచిలో పట్టుకుని ఇద్దరూ ఆసుపత్రికి వెళ్ళారు. ఆపదలో ఉన్నవాణ్ణి పలకరించకపోతే మనిషి పుటక ఎందుకు? మంచం పక్కన చేతులు జోడించి, తనకొచ్చిన ఇంగ్లీషులో, "నా బోర్డు. నా చేత్తో చేసిన. వెరీ సారీ" అన్నాడు. కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఆ సేల్స్‌మన్ భార్య ఆయన చెయ్యి పట్టుకుని వదల్లేదు.

సేల్స్‌మన్ తరఫువాళ్ళు కేసు వేస్తే, ఆ మాటే కోర్టులో పైకొచ్చింది. చేసినవాడే తప్పు ఒప్పుకున్నాడన్నాడు అవతలి లాయరు. ఇన్సూరెన్సు కంపెనీ డబ్బు కట్టి, ఆ నెల్లోనే షెడ్డు పాలసీ తీసేసింది. పాలసీ లేని బోర్డును ఏ మొటేలువాడు కొంటాడు? తొమ్మిదిమందిలో ఎనిమిదిమంది వెళ్ళిపోయారు. హెరాల్డ్ మాత్రం కొండల్ రావును పల్లెత్తు మాట అనలేదు. అదే ఆయన్ని తినేస్తోంది. తిట్టినా బాగుండేది.

ఇవాళ హెరాల్డ్ డాలస్ వెళ్ళాడు. వాషింగ్టన్‌లో చేసిన కొత్త చట్టం ప్రకారం, సరుకు తయారుచేసే చిన్న కంపెనీలు ఒక గుంపుగా చేరి తమ ఇన్సూరెన్సు తామే నడుపుకోవచ్చట. ఈత కొలనుల సామాను చేసేవాళ్ళు అలాంటి గుంపు ఒకటి కడుతున్నారు. అందులో చేర్చుకుంటే షెడ్డు బతుకుతుంది. లేకపోతే మూతే.

పొద్దున టిఫిన్ డబ్బా కడుతూ మీనాక్షికి ఇదంతా చెప్తే, ఆమె ఒక్క ముక్కలో తేల్చేసింది. "అంటే అందరు కలిసి చీటీ కడ్తున్రన్నట్టు."

"అట్లనే అనుకో."

"మరి ఒకసారి దెబ్బతిన్నోళ్ళను చీటీల కలుపుకుంటరా?"

ఆయన డబ్బా అందుకున్నాడు. రెండేళ్ళుగా హెరాల్డ్‌ను అడగాలనుకుంటున్న మాట ఒకటుంది. నా ఆపిల్ పళ్ళ వల్లేనా ఇదంతా? ఇవాళ అడిగెయ్యాలి, ఏ జవాబొచ్చినా సరే అనుకుంటూ గడప దాటాడు.

మధ్యాహ్నం ఫోను మోగింది. హైవే మొటేలు యజమాని జయంతి భాయ్, గుజరాత్ ఆయన. అదే మొటేలు, అదే బోర్డు. సాయంత్రంలోగా పీకెయ్యకపోతే పాలసీ ఇచ్చేది లేదని ఇన్సూరెన్సువాళ్ళు కూర్చున్నారట. కొండల్ రావు పానాలు సర్దుకుని వ్యాను తీశాడు.

మొటేలు గుమ్మంలో, దూకుతున్న అమ్మాయి బొమ్మ వేసిన సైన్‌బోర్డు రంగు వెలిసిపోయి ఉంది. కౌంటరు వెనక పెద్ద పోస్టరు, ఎర్రరాతి లోయల బొమ్మతో.

"చూశావా భాయ్?" అన్నాడు జయంతి భాయ్ హిందీలో, పోస్టరు వైపు గడ్డం ఎగరేసి. "టూరిజం పెంచాలని కూడా వాషింగ్టన్‌లో చట్టం చేశారు. సర్కారేమో రండి రండి అంటుంది. వచ్చినవాణ్ణి దూకనివ్వద్దని ఇన్సూరెన్సువాడంటాడు. మధ్యలో నేను దుప్పట్లు మడత పెట్టుకుంటున్నాను!"

కొండల్ రావు కొలను దగ్గరికెళ్ళాడు. బోర్డు తాకి కళ్ళకద్దుకున్నాడు. తుప్పు పట్టిన బోల్టులు ఒక పట్టాన కదల్లేదు. పానా మీద ఒళ్ళంతా మోపి తిప్పాల్సొచ్చింది. చొక్కా తడిసి వీపుకంటుకుంది. భుజంలోని లాగుడు దవడకెక్కింది. జయంతి భాయ్ ఒక చెయ్యి వేస్తే, ఇద్దరూ పట్టుకుని బోర్డును వ్యాన్లోకి ఎత్తారు. పైన ఇసుక ఇంకా గరుగ్గానే ఉంది, ఒక్క రేణువు రాలలేదు. అరచేత్తో నిమిరి, పిల్లవాణ్ణి బడి మాన్పించి తీసుకుపోతున్న తండ్రిలా డ్రైవ్ చేశాడు.

షెడ్డుకొచ్చేసరికి హెరాల్డ్ ఇంకా రాలేదు. ఊరికే కూర్చుంటే పిచ్చెక్కేలా ఉంది. బూట్లు విప్పి పక్కన పెట్టి, మిగిలి ఉన్న కొత్త బోర్డుకు జిగురు కలిపి, ఒత్తుగా పూసి, ఇసుక గిన్నె చేతిలోకి తీసుకున్నాడు. సగం చల్లాడో లేదో, గుమ్మంలో హెరాల్డ్ నీడ పడింది. టోపీ చేతిలో ఉంది.

"చేర్చుకోలేదు, కొండల్" అన్నాడు.

చెయ్యి ఆగింది. ఇప్పుడు అడక్కపోతే ఇంకెప్పుడూ అడగలేనని తెలిసింది.

"సార్, నా వల్లేనా? నేను ఆసుపత్రికి పోయినందుకేనా?"

హెరాల్డ్ టోపీని మేకుకు తగిలించాడు. అబద్ధం చెప్పడం ఆయనకు చేతకాదు.

"అది కూడా ఉంది. కోర్టు కాగితాల్లోంచి నీ మాటలు చదివి వినిపించారు. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు తల అడ్డంగా ఊపారు." రెండడుగులు ముందుకొచ్చాడు. "అయితే ఒకటి విను. నా భార్య కూడా వెళ్దామంది. వెళ్ళద్దన్నాడు లాయరు, నేను ఆగిపోయాను. ఆ మనిషిని నేను ఇంతవరకూ చూడలేదు. మన షెడ్డు నుంచి అక్కడికి వెళ్ళిన మనిషివి నువ్వొక్కడివే. నువ్వు వెళ్ళకపోయుంటే ఇవాళ నాకు ఇంకా సిగ్గుగా ఉండేది."

కొండల్ రావు ముఖం తిప్పుకున్నాడు. ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. రెండేళ్ళ బరువు దిగింది. దాంతోపాటే కాళ్ళ కింద నేలా పోయింది. రెండూ ఒక్కసారే.

"ఇక ఇంటికి వెళ్ళు" అన్నాడు హెరాల్డ్.

"జిగురు కలిపేసిన సార్. అది ఆగదు. ఇది ఒక్కటి చల్లేసి పోత."

కొనేవాడు లేడని ఇద్దరికీ తెలుసు. హెరాల్డ్ తల ఊపి, ఫోన్లు చేసుకోవడానికి గదిలోకి వెళ్ళాడు. ఎండ రేకుల సందుల్లోంచి ఏటవాలుగా పడుతోంది. కొండల్ రావు నడుం వంచి, వెనక్కి ఒక అడుగు వేసి, ఇంకాస్త ఇసుక జారవిడిచాడు. తర్వాత, అలసట తీర్చుకునే మనిషిలాగే, గోడకు వీపు ఆన్చి కూర్చున్నాడు.

హెరాల్డ్ బయటికొచ్చి పిలిస్తే పలకలేదు. ఇసుక గిన్నె ఒళ్ళో నిటారుగానే ఉంది.

అంబులెన్సు వెళ్ళిన మర్నాడు మీనాక్షి ఆయన బూట్ల కోసం షెడ్డుకు వచ్చింది. బూట్లు చంకలో పెట్టుకుని బోర్డు ముందు నిలబడింది. వేళ్ళు చాపి, ఇసుక ఆగిపోయిన చోటు తడిమింది. అప్పటిదాకా బిగబట్టుకున్న మనిషి, అక్కడ మాత్రం "ముగ్గు సగంలనే ఇడిసిపెట్టి పోయినవా" అని భోరుమంది. ఆయన్ని ఎన్నడూ ‘నువ్వు’ అనని మనిషి.

హెరాల్డ్ దగ్గరికొచ్చి, చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడ్డాడు. ఆమె కళ్ళు తుడుచుకుని, బోర్డు వైపు వేలు చూపించి తనకొచ్చిన ఇంగ్లీషులో జాగ్రత్త చెప్పింది. "నో స్టెప్. స్లిప్ అయితది."

బోర్డు ఇప్పటికీ ఆ షెడ్డులోనే ఉంది. జిగురు రాయిలా గట్టిపడిపోయింది. సగం దాకా తెల్లటి ఇసుక సన్నగా, ఎక్కడా ఎక్కువ తక్కువలు లేకుండా పరుచుకుని ఉంటుంది, మిగతా సగం నున్నగా మెరుస్తూ ఉంటుంది.