తీరంలో తప్పులు

లేని దేశాలకు పటాలు గీయడం అతని వృత్తి. రాజులూ రాక్షసులూ ఉండే నవలల్లో మొదటి పేజీన ఉంటుందే, ఆ పటం. ఉండేది ఒక్కడే. మూడో అంతస్తులో ఒక గది, ఒక కంప్యూటరు, వెనక్కి వాలని ఒక కుర్చీ. అక్క నెలకోసారి ఫోన్ చేసి దెప్పేది. "లేని ఊళ్లకి దారులు గీస్తావు. మా ఇంటికి దారి మాత్రం నీకు తెలీదు కదరా!"

పనిలో మాత్రం అతనికి వంక పెట్టలేం. బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో మబ్బుల్లాంటి మచ్చలు పరిచి, నలుపూ తెలుపూగా విడగొడితే క్షణంలో నేలా నీరూ వేరవుతాయి. చాలామంది అక్కడితో చేతులు దులుపుకుంటారు. అలాంటి తీరం చుట్టూతా ఒకేలా రంపపు పళ్లలా ఉంటుంది. ఇతను అక్కడే పని మొదలుపెడతాడు. కొండ సముద్రంలోకి దిగే చోట అంచును చిన్న బ్రష్‌తో తునకలు తునకలుగా కొరుకుతాడు. ఇసుక నేల దగ్గర నున్నగా లాగి వదిలేస్తాడు. నది కలిసే చోట ఒండ్రు పేరుకున్నట్టు నేలను కాస్త ముందుకు జరుపుతాడు. ఒక్కో అఖాతానికి ఒక పూట పడుతుంది.

ఈసారి పటం ఒక రచయిత్రి నవలకి. మొదటి ప్రతిలో నిజంగానే పొరపాటు దొర్లింది. నది పాయ ఒకటి కొండ మీదుగా అవతలి సముద్రంలోకి పోయింది. ఆవిడ ఫోన్ చేసి, "ఏమండీ, మీ దేశంలో నీళ్లు కొండెక్కుతున్నాయేంటి?" అని పకపకా నవ్వింది. నది మాట అయ్యాక కథలో నావికుడి సంగతి చెప్పింది, వాళ్లింటి పిల్లి సంగతీ చెప్పింది. నలభై నిమిషాలు! ఫోన్ పెట్టేశాక అతను కాలు నిలవక గదిలో అటూ ఇటూ తిరిగాడు. అంతసేపు మాట్లాడి ఎన్నాళ్లయిందో అతనికే గుర్తులేదు.

రెండో ప్రతిలో దీపస్తంభాన్ని నడి సముద్రంలో నిలబెట్టాడు, కావాలనే. ఫోన్ వచ్చింది. మూడో ప్రతిలో రేవు పట్టణాన్ని నీటికి ఆమడ దూరంలో పెట్టాడు. మళ్లీ వచ్చింది. "అయ్యయ్యో, చూసుకోలేదండీ" అంటూ ప్రతిసారీ నాలుక కరుచుకున్నాడు. సిగ్గుగానే ఉండేది. కానీ వారం మొత్తంలో అతనితో మాట్లాడే మనిషి ఆవిడ ఒక్కతే.

నాలుగోసారి పెద్ద తప్పే చేశాడు. పడమటి అఖాతాన్ని కాపీ చేసి, అద్దంలో చూసినట్టు తిప్పి, తూర్పు తీరానికి అతికించాడు. పటాలు గీసేవాళ్లకి ఇంతకన్నా తలవంపు లేదు. ఆవిడ కంట పడకపోతుందా అని ఫోన్ పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. మధ్యాహ్నానికి మెసేజ్ వచ్చింది. "అద్భుతం! ఈసారి అంతా సరిగ్గా ఉంది. ప్రెస్సుకి పంపించేశాను."

అతను కుర్చీలోంచి లేచాడు. పటం కింద తన పేరుంటుంది. పేరు సంగతి అలా ఉంచినా, పుస్తకం ఆవిడది. మొట్టమొదటిసారి తనే ఫోన్ చేశాడు.

"తూర్పు అఖాతం దొంగదండీ. పడమటిదే తిప్పి అతికించాను. ప్రెస్సులో ఆపించండి."

"అదేంటి? ఇంత అనుభవం ఉండి మీరెలా పొరబడ్డారు?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. మింగేశాడు. "పొరపాటు కాదండీ. తప్పుంటే మీరు ఫోన్ చేస్తారని... దీపస్తంభం, రేవు కూడా అందుకే."

"ఐదింటిలోపు సరిచేసి మెయిల్ చేయండి, సార్" అంది. అంతకుముందెప్పుడూ ఆవిడ అతన్ని సార్ అనలేదు.

అన్నం మాట మరిచి కూర్చున్నాడు. అతికించిన ముక్క తీసేసి, కొత్త అఖాతాన్ని అంగుళం అంగుళం చేత్తో కొరికాడు. నాలుగున్నరకల్లా పంపేశాడు. జవాబు ప్రచురణ కార్యాలయం నుంచి వచ్చింది. "అందింది. ఇకమీదట ఏదున్నా ఈ చిరునామాకే రాయండి. రచయిత్రి గారికి ఫోన్ చేయవద్దని మనవి."

రెండుసార్లు చదివాడు. ఏడుపొచ్చింది. కళ్లు తుడుచుకుని, తూర్పు తీరాన్ని పెద్దది చేసి ఈ చివరి నుంచి ఆ చివరిదాకా చూశాడు. ఎంత వెతికినా, వేలెత్తి చూపడానికి ఒక్క తప్పూ లేదు.